కోర్టులో 'చూడలేదు' అని చెబితేనే క్షమించినట్టా? (విశ్వాసులు, నాస్తికులు ఇద్దరూ చెప్పండి)

జడ్చర్ల_శేఖర్
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి. విషయం పెద్దది, కొంచెం ఓపికగా చదవండి.

మా నాయిన బాదేపల్లి మార్కెట్ యార్డులో హమాలీ. మొన్న దసరా ముందు పొద్దున్నే మార్కెట్‌కు నడిచిపోతుంటే కారు గుద్దింది. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను పోలేపల్లి సెజ్‌లో నైట్ షిఫ్ట్ దిగి బండి మీద ఎదురుగా వస్తున్నాను, అంతా నా కళ్ళ ముందే జరిగింది. కారు నడిపిన పిల్లగాడు మా చర్చి పెద్ద ఒకాయన కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు. తాగి లేడు, ఫోన్ చూసుకుంటూ రోడ్డు దిగి ఎడమకు వచ్చేశాడు. నాయినను ఎత్తి కారులో వేసుకున్నది కూడా వాడే, అది కూడా చెప్పాలి కదా.

పోలీసులు చార్జిషీట్ వేశారు, సాక్షుల్లో మొదటి పేరు నాదే. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పెద్దమనిషి, ఇంకో ఇద్దరు సంఘ పెద్దలు, పాస్టర్ అయ్యగారు ఇంటికి వచ్చారు. సంచి నిండా బత్తాయిలు, వాళ్ళ తోటవే. ప్రార్థన చేశారు. తర్వాత మెల్లగా, "మనసులో క్షమించి కోర్టులో వేలు చూపిస్తే అది ఏం క్షమించినట్టు బాబూ, పొగమంచులో ఎవరు గుద్దిందీ కనబడలేదని చెప్పు, చాలు" అన్నారు. అయ్యగారు ఆ మాట అనలేదు గాని కాదని కూడా అనలేదు, కళ్ళు మూసుకొని కూర్చున్నారు. పిల్లగాడు గడప దగ్గరే నిలబడ్డాడు. అమ్మ వాడికి నాయిన తాగే స్టీల్ గ్లాసులోనే టీ పోసిచ్చింది, తెలిసి ఇచ్చిందో తెలియక ఇచ్చిందో నేను అడగలేదు. వాడు రెండు చేతులతో పట్టుకొని, ఒక్క గుక్క కూడా తాగకుండా అట్లనే ఉన్నాడు, టీ మీద మీగడ కట్టింది.

అమ్మ "నేను క్షమించిన" అంటుంది, మనస్ఫూర్తిగానే. నేను అంత భక్తిపరుడిని కాదు, క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ కనబడే రకం. నా దోస్తు జన విజ్ఞాన వేదికలో తిరుగుతాడు, వాడేమో "చూసింది చూసినట్టు చెప్పు, దేవుడు మధ్యలో ఎందుకు" అంటాడు. క్షమించడం అంటే నిజంగా ఇదేనా? దేవుడిని నమ్మని వాళ్ళైతే ఇక్కడ ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు?

దేవరకొండ_డేవిడ్
తమ్మీ, ముందుగా మీ అమ్మకు నా వందనాలు చెప్పు. ఆమె చేసింది చిన్న పని కాదు.

క్షమించమన్నది ఆజ్ఞే, అందులో బేరం లేదు. ఏడుసార్లా అని పేతురు అడిగితే డెబ్బై ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఇంటు ఏడు సార్లు) అన్నాడు ప్రభువు. కానీ అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది కూడా పది ఆజ్ఞల్లోనిదే, నిర్గమకాండం 20లో ఉంది. ఒక ఆజ్ఞ నిలబెట్టడానికి ఇంకొకటి తొక్కమని చెప్పేవాడు బైబిలు చదవలేదు, లేదా చదివి నీ దగ్గర దాస్తున్నాడు.

గ్లాడిస్ స్టెయిన్స్ గుర్తుందా? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహమ్‌ను, ఇద్దరు చిన్న పిల్లలను జీపులో సజీవంగా తగలబెట్టారు. క్షమించానని ఆమె చెప్పింది. భర్త ఏ కుష్ఠు రోగుల మధ్య పనిచేశాడో అక్కడే బారిపదలో ఉండి ఆ పని చూసుకుంది. కేసు మాత్రం ఆగలేదు. 2003లో కింది కోర్టు ప్రధాన ముద్దాయికి ఉరిశిక్ష వేసింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆమె క్షమించింది కాబట్టి సాక్షులంతా ఇళ్లకు పోవాలని ఎవరూ అనలేదు. ఆమె క్షమాపణకు అందువల్ల ఏ లోటూ రాలేదు.

హేతువాది_నల్లగొండ
డేవిడ్ అన్నా, ముగింపులో నీతో ఏకీభవిస్తున్నాను, దారిలో కాదు.

శేఖర్, నీ ప్రశ్నకు సూటిగా: నేనైతే చూసింది చెబుతాను. ఎందుకంటే రేపు పొద్దున అదే రోడ్డు మీద ఇంకో హమాలీ నడుస్తాడు. ఫోన్ చూస్తూ నడిపితే ఏమవుతుందో, పెద్దమనుషులు బత్తాయిలు తీసుకొస్తే ఏమవుతుందో ఊరంతా చూస్తోంది. నీతి అనేది మనుషుల మధ్య ఒకరి ప్రాణానికి ఇంకొకరు ఇచ్చుకునే పూచీ. దానికి పైనుంచి సంతకం అక్కర్లేదు.

ఇంకో మాట, ఇది విశ్వాసులకు కష్టంగానే ఉంటుంది. మీ మత్తయి 18లో కథ ఉంది కదా, రాజు ఒక దాసుడికి పెద్ద అప్పు మాఫ్ చేస్తాడు, ఆ దాసుడు పోయి తోటివాడి చిన్న అప్పుకు గొంతు పట్టుకుంటాడు. బాగుంది. కానీ ఆ రాజు మాఫ్ చేసింది తనకు రావాల్సిన అప్పు. ఇక్కడ బాకీ ఎవరికి? చనిపోయిన మనిషికి. ఆయన తరఫున మాఫ్ చేసే అధికారం కొడుక్కు ఉందా, భార్యకు ఉందా, పాస్టర్‌కు ఉందా? అమ్మ తన దుఃఖం మేరకు క్షమించగలదు, అది ఆమె సొత్తు. ఆయన ప్రాణం మేరకు ఎవరూ క్షమించలేరు. అందుకే ఆ భాగం కోర్టుకు వదిలేయాలంటాం.

ఓరుగల్లు_రాకెట్
దేవుడి భయం లేనోడు నీతి గురించి మాట్లాడటం కామెడీ. పైన ఎవరూ లేరంటే ఏదైనా చేయొచ్చు కదా బ్రో, ఎవడు చూడొచ్చాడు

వనపర్తి_అక్క
రాకెట్ బాబూ, ఈ కథలో అబద్ధం చెప్పమన్నది దేవుడి భయం బాగా ఉన్న పెద్దలే. నమ్మకం లేని దోస్తు నిజం చెప్పమన్నాడు. ఒకసారి పైకి పోయి మళ్ళీ చదువు.

హేతువాది_నల్లగొండ
అక్కా 🙏

రాకెట్ గారికి పాత ప్రశ్న కాబట్టి పాత జవాబే. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు మారింది. నాస్తికుడినని దాచుకోనందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. అంటరానితనం పోవాలని ఊరికే ఉపన్యాసం ఇవ్వలేదు, 1948లో తన సొంత కూతురికి దళిత యువకుడితో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఆయన వాదన సారం ఏమిటంటే మనిషి స్వతంత్రుడు, కాబట్టి తను చేసిన దానికి తనే బాధ్యుడు. మాకు పాపం కడిగేసేవాడు లేడు. చేసింది మోయాల్సిందే. ఇది సుఖమైన బతుకని ఎవరు చెప్పారు మీకు?

దేవరకొండ_డేవిడ్
గోరా గారి మీద నాకూ గౌరవమే. నమ్మనివాడికి నీతి ఉండదని బైబిలే చెప్పదు. ధర్మశాస్త్రం లేని అన్యజనులు కూడా తమ మనస్సాక్షిని బట్టి నడుస్తారని రోమా పత్రిక 2వ అధ్యాయంలో పౌలు రాశాడు. రాకెట్ తమ్ముడూ, అది చదువు.

కానీ "పాపం కడిగేసేవాడు లేడు" అన్నావు చూడు, అక్కడే నా బాధ. ఆ పిల్లగాడిని తలుచుకో. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఒక మనిషిని చంపానన్న సంగతితో ఇంకో యాభై ఏళ్లు బతకాలి. మీ పద్ధతిలో వాడికి ఏం ఉంది? కోర్టు శిక్ష వేస్తుంది, అయిపోతుంది, కానీ వాడికి లోపల అయిపోదు. చనిపోయినవాడు తిరిగొచ్చి క్షమించడు, నువ్వేమో ఇంకెవరూ క్షమించలేరంటావు. అంటే వాడికి తలుపు ఎప్పటికీ మూసేసినట్టేనా? బైబిల్లో దావీదు రాజు తన సైనికుడు ఊరియాను చంపించి తర్వాత 51వ కీర్తనలో, నీకే విరోధంగా పాపం చేశానని దేవుడితో అంటాడు. ఊరియాను మరిచిపోయి కాదు. ఊరియాకు చెప్పుకునే దారి లేదు కాబట్టి.

హేతువాది_నల్లగొండ
తలుపు మూయలేదు అన్నా. బతికున్న వాళ్లకు చేయగలిగింది చేయనీ. ఆ కుటుంబాన్ని చూసుకోనీ, మళ్ళీ ఫోన్ పట్టుకొని నడపకుండా ఉండనీ, తన తోటి పిల్లలకు చెప్పనీ. పశ్చాత్తాపం చేతల్లో కనబడితే సమాజమే మెల్లగా లోపలికి రానిస్తుంది. దాన్ని 'క్షమ' అంటావో ఇంకేమంటావో నీ ఇష్టం.

ఊరియా మాట మాత్రం ఒప్పుకోను. ఊరియా బంధువులు ఆ కీర్తన వింటే ఏమనుకుంటారో ఎవరైనా అడిగారా?

వనపర్తి_అక్క
మీ ఇద్దరి తత్వం బాగుంది గాని, అసలు విషయం పక్కన పెట్టి మాట్లాడుతున్నారు.

నేను ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరన్ అనే క్రైస్తవ శాఖ) చర్చిలో పుట్టి పెరిగాను. మా అమ్మ పురుడు పోసుకున్నది కూడా జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలోనే. ఇప్పుడు ఆదివారం ఇంట్లో బట్టలు ఉతుక్కుంటాను, అది వేరే కథ. పెద్దయ్యేదాకా నేను గమనించింది ఒక్కటే. క్షమించమనే ప్రసంగం ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే. మొగుడు కొడితే క్షమించు, జీతం ఎగ్గొడితే క్షమించు. పెద్ద రైతు మడి గట్టు జరిపితే క్షమించు. అదే సంఘం స్థలం మీద తగాదా వస్తే మాత్రం పెద్దలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతారు, అప్పుడు డెబ్బై ఏళ్ల మారులు ఎవరికీ గుర్తు రావు. హమాలీ కొడుకు తోట ఉన్నాయన కొడుకును గుద్ది ఉంటే, ఈ నలుగురూ బత్తాయిలు పట్టుకొని ఆ తోట ఇంటికి పోయి 'చూడలేదని చెప్పండి' అని అడిగేవాళ్ళా? డేవిడ్ అన్నా, గుండె మీద చేయి వేసుకొని చెప్పండి.

దేవరకొండ_డేవిడ్
అడిగేవాళ్ళు కాదు.

లా_చదివినోడు
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి (ఈ చర్చలో ఆ మాట వాడాలంటేనే భయమేస్తోంది). మహబూబ్‌నగర్‌లోనే ప్రాక్టీస్. శేఖర్ గారికి పనికొచ్చేవి చెబుతాను, ఊరికే సలహాగా తీసుకోండి, మీ లాయర్‌ను కూడా అడగండి.

నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106(1), ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీ 304ఎలో రెండేళ్లే ఉండేది. పాతదైనా కొత్తదైనా ఇది మీరూ వాళ్ళూ రాజీపడి కొట్టేయించుకునే కేసు కాదు. రాజీకి చట్టంలో దారి లేదు కాబట్టే 'చూడలేదు' అనే దొంగదారి. దాన్నే మేం సాక్షి హోస్టైల్ అయ్యాడంటాం. ప్రమాణం చేసి అబద్ధం చెబితే అది వేరే నేరం, దానికి ఏడేళ్ల దాకా ఉంది. కోర్టులు ప్రతిసారీ పట్టించుకోవు, నిజమే, కానీ ఆ రిస్కు పెద్దలది కాదు, మీది.

రెండోది నష్టపరిహారం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేశారా? 2022 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి, దసరా ముందు అంటున్నారు కాబట్టి ఇవాళే లెక్క చూసుకోండి. మీరు క్రిమినల్ కోర్టులో చూడలేదంటే ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఆ కాగితం పట్టుకొని ట్రిబ్యునల్‌కు వస్తాడు. అమ్మకు రావాల్సిన డబ్బుకు మీరే అడ్డం పడినట్టు అవుతుంది.

మూడోది ఎవరూ చెప్పరు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న చాలా కేసుల్లో ప్లీ బార్గెయినింగ్ ఉంది. ముద్దాయి తనంతట తాను తప్పు ఒప్పుకుంటానని దరఖాస్తు పెట్టుకోవాలి, చార్జెస్ ఫ్రేమ్ అయిన 30 రోజుల్లోపు. అప్పుడు బాధిత కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడతారు, పరిహారం తేలుస్తారు, శిక్ష బాగా తగ్గించవచ్చు. మీ కేసు ఇంకా సాక్ష్యం దాకా రాలేదంటున్నారు, అడిగి చూడండి. మీ అమ్మగారి దయ చూపించడానికి చట్టంలో ఉన్న చోటు అదే. కాకపోతే అక్కడ ముందు నోరు విప్పాల్సింది మీరు కాదు, ఆ అబ్బాయి.

దేవరకొండ_డేవిడ్
లాయర్ గారూ, మీరు చర్చికి పోతారో లేదో తెలియదు గాని మీరు చెప్పింది జక్కయ్య కథే. లూకా 19. పన్నులు వసూలు చేసేవాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని నలుగురిలో నిలబడి చెప్పాడు. రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాతే. ఆ పెద్దమనిషి కొడుకును తీసుకొచ్చి గడప దగ్గర నిలబెట్టాడు, కానీ వాడిచేత ఒక్క మాట అనిపించలేదు. తండ్రి మాట్లాడాడు, పెద్దలు మాట్లాడారు. 'నేనే గుద్దిన' అని వాడు అన్నాడా శేఖర్?

జడ్చర్ల_శేఖర్
లేదన్నా. ఒక్కసారి కూడా అనలేదు. మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు.

పెబ్బేరు_పొలగాడు
అందరూ పెద్దోళ్ళు మాట్లాడుతుంటే చిన్న డౌట్. మంచి పని దేవుడు చెప్పాడు కాబట్టి మంచిదా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా? గ్రూప్స్ ప్రిపరేషన్‌లో ఎథిక్స్ చదువుతుంటే వచ్చింది, సోక్రటీస్ అడిగాడంట

హేతువాది_నల్లగొండ
మంచిది కాబట్టే చెప్పాడంటే, ఆ మంచి దేవుడికంటే ముందే ఉన్నట్టు, మనం నేరుగా దాన్నే పట్టుకోవచ్చు. చెప్పాడు కాబట్టి మంచిదంటే, రేపు ఇంకోటి చెబితే అదీ మంచే అవుతుంది.

దేవరకొండ_డేవిడ్
రెండూ కాదు, దేవుడి స్వభావమే మంచి అని మా జవాబు. నీకు చాలదని తెలుసు. నీ వైపు కూడా ఒక గుంత ఉంది కదా. ప్రతి మనిషికీ సమాన విలువ అంటారు, ఎక్కడి నుంచి వచ్చింది ఆ విలువ? హమాలీ ప్రాణం, తోట యజమాని ప్రాణం ఒకటే అని ప్రకృతిలో ఎక్కడ రాసి ఉంది?

హేతువాది_నల్లగొండ
ఎక్కడా రాసి లేదు. మనమే రాసుకున్నాం. 1948లో మానవ హక్కుల ప్రకటన రాసేటప్పుడు ఆ పనిలో లెబనాన్ క్రైస్తవుడు ఉన్నాడు, చైనా నుంచి కన్ఫ్యూషియస్ చదువుకున్నాయన ఉన్నాడు, కమ్యూనిస్టు దేశాల వాళ్ళు ఉన్నారు. హక్కుల మీద అందరం ఒప్పుకుంటాం, ఎందుకని అడగనంతవరకే, అని జాక్ మారిటైన్ అనే కాథలిక్ తత్వవేత్త ఆ రోజుల్లో అన్నాడు. నాకు అది లోపంగా అనిపించదు. పునాది మీద తగాదా తెగేదాకా ఇల్లు కట్టుకోవద్దంటే అందరం ఎండలోనే ఉంటాం.

దేవరకొండ_డేవిడ్
ఒప్పుకుంటాను, మామూలు రోజులకు అది సరిపోతుంది. మామూలు కాని రోజు సంగతి చెబుతాను. మన పాలమూరు, నల్లగొండల్లో ఎంబీ చర్చిలు మెన్నోనైట్ మిషనరీలు వేసినవి కదా. వాళ్ళ పూర్వీకుల్లో డిర్క్ విలెమ్స్ అని నెదర్లాండ్స్‌లో ఒకాయన ఉండేవాడు. పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నందుకు, తన ఇంట్లో ఇతరులకు ఇప్పించినందుకు జైల్లో పెట్టారు. చలికాలం తప్పించుకొని గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తాడు. వెంట తరిమిన వాడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగొచ్చి వాడిని బయటికి లాగాడు. వెంటనే పట్టుకున్నారు, 1569లో మంటల్లో వేసి చంపారు.

నీ లెక్కలో ఆయన చేసింది ఏమిటి? రేపటి హమాలీకి దాని వల్ల ఏ లాభమూ లేదు.

హేతువాది_నల్లగొండ
రాత్రంతా దీని మీదే ఆలోచించాను, అబద్ధమెందుకు.

మునిగిపోతున్న మనిషిని చూస్తే చేయి దానంతట అదే చాస్తాం, నమ్మినవాడూ చాస్తాడు, నమ్మనివాడూ చాస్తాడు. కాబట్టి నాస్తికుడు ఆ పని చేయడని అనుకోవద్దు. కానీ 'నువ్వు చేసి తీరాలి, లేకపోతే తప్పు' అని ఇంకో మనిషికి చెప్పగలనా అంటే చెప్పలేను. తన ప్రాణం పణంగా పెట్టి తనను చంపబోయేవాడిని కాపాడమని అడిగే హక్కు నాకు లేదు. నీ దేవుడు అడుగుతాడు. అక్కడ నీకూ నాకూ తేడా నిజంగానే ఉంది, దాన్ని మాటలతో పూడ్చను.

అయితే ఒకటి గమనించు. డిర్క్ లాగింది తనను తరిమినవాడిని, తన చేత్తో, తన ప్రాణంతో. ఒడ్డున నిలబడి 'వెనక్కి పోయి లాగు' అని ఇంకొకడిని పంపలేదు. మీ పెద్దలు చేస్తున్నది ఆ రెండోది.

వనపర్తి_అక్క
ఇది మాత్రం ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించాలి.

మోడరేటర్
మతమార్పిడి గురించి బూతులతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. మనిషి తండ్రిని పోగొట్టుకొని రాస్తున్నాడు, అది గుర్తుపెట్టుకోండి.

జడ్చర్ల_శేఖర్
నిన్న ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను, డిర్క్ కథతో సహా. అంతా విని ఆమె అడిగింది ఒకటే: "వాడు ఇంకా కారు నడుపుతుండా?" నడుపుతున్నాడు, కాలేజీకి ఆ కారులోనే పోతున్నాడు, నేనే చూశాను. "మరి వానికి లైసెన్స్ ఉన్నదా లేదా కనుక్కో" అంది. మా దోస్తు వాడి క్లాస్‌మేట్‌ను అడిగితే లైసెన్స్ లేదంటున్నారు, తర్వాత ఎప్పుడో ఎల్ఎల్ఆర్‌కు పెట్టుకున్నాడట. ఇది ఎంత నిజమో తెలియదు.

లా_చదివినోడు
ఓహో. ఇప్పుడు బత్తాయిల సంచి బరువు అర్థమైంది.

లైసెన్స్ లేని వాడికి బండి ఇస్తే, ఇన్సూరెన్స్ కంపెనీ చేత ముందు మీకు డబ్బు కట్టించి, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు చెప్పడం మామూలే. ఓనరు ఎవరు? తండ్రి. బండి ఇచ్చినందుకు ఆయన మీద కూడా మోటారు వాహనాల చట్టం కింద కేసు ఉంటుంది. మీ సాక్ష్యం పోతే ఇవన్నీ పోతాయి. కొడుకు జైలు భయం కొంత, ఇది కొంత.

హేతువాది_నల్లగొండ
డేవిడ్ అన్నా, ఏమంటావు?

దేవరకొండ_డేవిడ్
ఏమనాలి. ఆయన సంఘ పెద్ద. ప్రార్థన చేసి మరీ అడిగాడు.

మత్తయి 18లో నువ్వు చెప్పిన రాజు కథకు ముందే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ ప్రసంగించరు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా పోయి చెప్పు. వినకపోతే ఇద్దరు ముగ్గురిని సాక్షులుగా వెంటబెట్టుకొని పో. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పు. శేఖర్, నీకు ఇష్టమైతే వచ్చే శనివారం నేను దేవరకొండ నుంచి వస్తాను. ముందు అయ్యగారి దగ్గరికి పోదాం, తర్వాత ఆయన ఇంటికి. పిల్లగాడితో నేను విడిగా మాట్లాడతాను, తిట్టడానికి కాదు. అమ్మను తీసుకురావద్దు, ఆమె ఇవ్వాల్సింది ఇచ్చేసింది.

జడ్చర్ల_శేఖర్
రండన్నా. శనివారం నాకు వీక్లీ ఆఫ్.

హేతువాది_నల్లగొండ
ఇద్దరు ముగ్గురు సాక్షులన్నావు కదా, అందులో ఒక నాస్తికుడు పనికొస్తాడా?

దేవరకొండ_డేవిడ్
సాక్షికి బాప్తిస్మం ఉండాలని ఎక్కడా లేదు. రా. కానీ వాళ్ళింట్లో టీ తాగేదాకా సోక్రటీస్ జోలికి పోవద్దు.

లా_చదివినోడు
పోయేముందు కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి చార్జిషీట్ తీసుకోండి. లైసెన్స్ లేకపోతే పోలీసులు సెక్షన్ 181 చేర్చి ఉండాలి. చేర్చారో లేదో చూడకుండా ఆయన ముందు ఆ మాట ఎత్తకండి, క్లాస్‌మేట్ చెప్పాడంటే నిలవదు. ట్రిబ్యునల్ క్లెయిమ్ మాత్రం శనివారం దాకా ఆపొద్దు.